రెండు గడులకూ ఒకే శీర్షిక

మణిగిరి మహారాజు ఉదయవర్మకు ఏ పూట ఏ సరదా పుడుతుందో ఆయనకే తెలియదు. ఆ రోజు భోజనం ముగించి, తాంబూలం నములుతూ నన్ను పిలిపించారు.

“పంతులూ, మొన్న మిఠాయి వీధిలో ఓ ఏనుగు రభస చేసిందట. దాన్నో మావటి ఒంటరిగా లొంగదీశాడట. ఏనుగు పేరు, మావటి పేరు పట్టిక వేసి పట్టుకురా. ఏనుగును అడవికి తోలి దుంగలు లాగిద్దాం. మావటికి బంగారు కడియం తొడుగుదాం.”

నేనంటే నరహరి పంతులు. చిట్టాలూ పట్టికలూ రాసే కోట దఫ్తరానికి పెద్దని. నా అంత గట్టి రాయసగాడు చుట్టుపక్కల ఏ రాజ్యంలోనూ లేడని ఊరంతా నేనే చెప్పుకుంటూ తిరిగేవాణ్ణి. వేరెవరూ చెప్పడం లేదు కనుక.

ఏనుగుల చిట్టా తీశాను, మావటీల చిట్టా తీశాను. రెండింటిలోనూ మొదటి గడికి ఉన్న శీర్షిక ఒకటే, ‘పేరు’. చిట్టాలో ఉన్న శీర్షికనే పట్టికలోకి దించడం మా దఫ్తరం ఆచారం. దించాను. మొదటి గడి మీద ‘పేరు’, దాని కింద రంగనాథం. రెండో గడి మీద ‘పేరు’, దాని కింద బసవడు. అక్షరాలు ముత్యాల్లా వచ్చాయని మురిసిపోయాను.

మహారాజు పట్టిక అందుకునేసరికి ఏది ముందు అడిగారో, ఏది వెనక అడిగారో మరిచిపోయారు.

“రంగనాథం! మావటి పేరు ఎంత మర్యాదగా ఉంది! అతనికి కడియం చేయించండి. ఈ బసవడికి గొలుసు వేసి అడవికి తోలండి” అని రాజముద్ర కొట్టేశారు.

రంగనాథం ఏనుగు. బసవడు మనిషి.

ఆ సంగతి ఆ క్షణమే నాకు తెలుసు. నోరు విప్పితే నా పట్టిక సరిగ్గా లేదని ఒప్పుకోవాలి. అందుకని పైకప్పు వైపు చూస్తూ నిలబడ్డాను. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది. అప్పుడు మాత్రం పైకప్పు బాగుందనిపించింది.

కంసాలి కొలత తీసుకోవడానికి రంగనాథం దగ్గరికి నడిచి వెళ్ళి, పరుగెత్తుకుంటూ తిరిగొచ్చాడు. అతని వెనకే భటులు బసవణ్ణి గొలుసుతో సహా సభకు లాక్కొచ్చారు.

“మహాప్రభూ, బసవడంటే నేనేనండి. ఏనుగును ఆపింది నేను. నన్నే దుంగలు లాగమంటున్నారు” అన్నాడతను.

మహారాజు నా వైపు తిరిగారు. “పంతులూ, ఏమిటిది?”

“ప్రభూ, పట్టికలో ఒక్క అక్షరం తప్పు లేదు. చిట్టాలో ఏ శీర్షిక ఉంటే మేం అదే రాస్తాం. సొంతంగా పేర్లు పెట్టడం దఫ్తరం పని కాదు” అన్నాను, ఛాతీ విరుచుకుని.

మహారాజు గడ్డం గోక్కున్నారు. “ముద్ర పడ్డ ఆజ్ఞ వెనక్కి తీసుకోవాలంటే పట్టిక తప్పని తేలాలి. చట్టం అలా ఉంది. బసవా, తప్పని తేల్చగలవా? లేదంటే అడవికి బయల్దేరు.”

బసవడు నా వైపు తిరిగాడు.

“పంతులుగారూ, అడిగేవాళ్ళే పై గడిలో ఫలానా మాట రాయమని చెబితే తమరేం చేస్తారండి?”

“అదే రాస్తాను. అడిగినవారు ఏ శీర్షిక చెబితే ఆ శీర్షికే. చెప్పకపోతేనే చిట్టాలోది.”

“మాట మీద నిలబడతారా?”

“మూడు తరాల ఆచారమయ్యా!” అన్నాను. గోతిని నేనే తవ్వి, లోతు సరిపోయిందో లేదో కూడా నేనే చూసుకున్నట్టయింది.

బసవడు మహారాజుకు దణ్ణం పెట్టాడు. “ప్రభూ, ఒక్క పట్టిక అడగనివ్వండి. దఫ్తరం పెద్ద పేరు కావాలండి. పై గడిలో మాత్రం నేను చెప్పింది రాయాలి: ‘రంగనాథానికి రోజూ ఒళ్ళు తోమేవాడు’.”

సభంతా నన్నే చూస్తోంది. ఆచారం తప్పలేను. చిట్టా తీశాను, రాశాను. పైన ‘రంగనాథానికి రోజూ ఒళ్ళు తోమేవాడు’. కింద ‘నరహరి పంతులు’. ఈసారీ అక్షరాలు ముత్యాల్లాగే వచ్చాయి.

మహారాజు పైకి చదివారు. వెంటనే ముద్ర కోసం చెయ్యి చాచారు.

“ప్రభూ, ఆగండి!” అని అరిచాను.

బసవడు ఎంతో వినయంగా అన్నాడు:

“పట్టికలో తప్పు లేదంటారా, పీచు తీసుకుని ఏనుగుశాలకు దయచేయండి. పై గడిలో మాట ముఖ్యమేనంటారా, నా గొలుసు విప్పించండి.”

రంగనాథం ఎత్తు గుర్తొచ్చింది. నా ఎత్తూ గుర్తొచ్చింది. మూడు తరాల ఆచారం మాత్రం గుర్తుకు రాలేదు.

“తప్పే ప్రభూ! మొదటి పట్టిక తప్పు. ఏ గడిలో ఎవరున్నారో చెప్పని శీర్షిక శీర్షికే కాదు. అంతా నా తప్పు. ముందే తెలిసీ నోరు మూసుకున్నాను.”

మహారాజు కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. సేనాపతి నవ్వాడు. గొలుసు విప్పుతూ భటులు కూడా నవ్వారు.

కడియం బసవడి చేతికి ఎక్కింది. “ఇంకేం కావాలో కోరుకో” అన్నారు మహారాజు.

“రంగనాథాన్ని పంపకండి ప్రభూ. వాడు లేకపోతే నాకు అన్నం సయించదు” అన్నాడు బసవడు.

“సరే, రంగనాథం నీతోనే ఉంటుంది. పంతులూ, రాసుకో!”

గంటం అందుకున్నాను. ఒక్క అక్షరం కూడా గీయకుండా, చేతులు కట్టుకుని అడిగాను:

“ప్రభూ, పై గడిలో ఏమని రాయమంటారు?”

సభ మళ్ళీ గొల్లుమంది. ఈసారి వాళ్ళతోపాటు నేనూ నవ్వాను.