నక్క చూపిన నీళ్లదారి

ఎర్రకొండ అడవిలో ఎండలు ముదిరితే ఏ మడుగులో నీళ్లున్నాయో తెలియక జంతువులు అల్లాడిపోయేవి. అందరి దగ్గరా ఫోన్లున్నాయి కదా, నీళ్ల జాడ చెప్పే యాప్ చేయిద్దామనుకున్నాడు సింహం సింగరాజు. ఆ పని ఏనుగు భద్రయ్యకు అప్పజెప్పాడు.

భద్రయ్య నిదానస్తుడు. అంతా పూర్తయ్యేదాకా ఎవరికీ చూపించనన్నాడు. తీరా యాప్ బయటికొచ్చేసరికి వానలు కురిసి వాగులు పొంగుతున్నాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టయింది. ఆ వేసవిలోనే లేడి పున్నమ్మ తన కూనను దాహానికి పోగొట్టుకుంది.

మరుసటి ఏడు ఉడుత చంద్రి ఆ పని అందుకుంది. కాస్త తయారుకాగానే పున్నమ్మ దగ్గరికి పరిగెత్తింది.

"పిన్నీ, ఇప్పటికి ఒక్క మడుగే చూపిస్తుంది. వాడి చూసి ఏం బాగాలేదో చెప్పు."

"అక్షరాలు చదువుతూ నిలబడితే పులి మీద పడదుటే? నీళ్లుంటే నీలం, లేకుంటే ఎరుపు. అంతే చాలు."

మర్నాటికి రంగులొచ్చాయి; మడుగుకు వెళ్లినవాళ్లే చూసి ఆ రంగు నొక్కేవాళ్లు. తాబేలు దూరం చెప్పమంది, దూరమూ వచ్చింది. ఆ వేసవిలో దాహానికి ఒక్క ప్రాణమూ పోలేదు.

నక్క నరహరికి కన్నుకుట్టింది. "ప్రభూ, ఇలా కొంచెం చేసి, చూపించి, దిద్దుకోవడాన్ని ఎజైల్ పద్ధతి అంటారు. నేను అందులో ఆరితేరినవాణ్ణి" అని నమ్మించి పెత్తనం పుచ్చుకున్నాడు. ఇక రోజూ పొద్దున్నే అందరూ గుండ్రంగా నిలబడి నిన్నేం చేశారో చెప్పాలి. మద్దిచెట్టు నిండా చేయాల్సిన పనులు రాసిన రంగుకాగితాలు అతికించాలి. మళ్లీ వేసవి వచ్చేసరికి మాటలు కోటలు దాటాయి, పని మాత్రం గడప దాటలేదు.

"బావా, పున్నమ్మ పిన్నిని ఓమాటు అడగొద్దూ?" అంది చంద్రి.

"అడగడమెందుకే? ఇప్పుడు చెప్తే చాలు, ఏఐ యంత్రమే యాప్ రాసేస్తుంది. ఇక నీతోనూ పనిలేదు, వెళ్లు!"

చంద్రి ఏడవలేదు. తిన్నగా రాజు దగ్గరికి వెళ్లింది.

"ప్రభూ, బావగారి యాప్ గొప్పదేనేమో. మిట్టమధ్యాహ్నం దాన్ని చూసుకుంటూ ఆయన్నే ముందు నడవమనండి. మనమంతా వెనకే వస్తాం."

కాదంటే పరువు పోతుందని నరహరి సరేనన్నాడు. అతని ఫోన్లో నెమలి ఆడింది, సంగీతం మోగింది, నీలం చుక్క మెరిసింది. ఎండలో కాళ్లు కాలుతుండగా ఆ చుక్క దగ్గరికి చేరారు. అక్కడ పగిలిన బురద తప్ప ఏమీ లేదు. యంత్రానికి నక్క అందించింది నిరుటి కబురు మరి!

"నీళ్లేవిరా?" గర్జించాడు సింగరాజు.

"యాప్‌లో... ఉన్నాయి ప్రభూ."

"అయితే ఆ యాప్‌నే తాగు!"

అప్పుడే చంద్రి ఫోన్లో తన పాత యాప్ మోగింది. "ఇటు రండి!" అని కేకేసింది చంద్రి. " పున్నమ్మ పిన్ని ఇప్పుడే కొండవెనక మడుగులో తాగి నీలం నొక్కింది."

మలుపు తిరగ్గానే నీళ్లు తళతళలాడాయి. కూనలు కేరింతలు కొడుతూ దూకాయి. భద్రయ్య తొండంతో అందరి మీదా నీళ్లు చిమ్మి ఘీంకరించాడు. పున్నమ్మ చంద్రి తల నాకింది.

"నువ్వు యంత్రం వాడలేదుటే?" అడిగాడు రాజు.

"వాడాను ప్రభూ. రాసింది అదే. ఏం రాయాలో మాత్రం దాహమేసినవాళ్లను అడిగాను."

రాజు పెత్తనం చంద్రికిచ్చి, పక్కన పున్నమ్మను కూర్చోబెట్టాడు. నరహరి అందరూ తాగాక, తలొంచుకుని గట్టున చివర్లో గతికాడు.

పద్ధతి ఎంత కొత్తదైనా, పరికరం ఎంత గొప్పదైనా, దాహమేసినవాణ్ణి అడగనివాడు నీళ్లదారి చూపలేడు.