నూకమ్మ కంటికోసం కొన్న కారు

బొబ్బిలి దగ్గర ఒక పల్లెలో పైడయ్య, సన్యాసి, బంగారయ్య అని ముగ్గురన్నదమ్ములుండేవారు. బుర్రంటే తమదే బుర్రని వాళ్ళకి గట్టి నమ్మకం. ఏ పనైనా ముగ్గురూ సమంగా పంచుకోనిదే ముద్ద దిగదు. వీధి తలుపు తీయాలన్నా ఒకడు గొళ్ళెం తీస్తాడు, ఒకడు కుడి రెక్క తోస్తాడు, ఒకడు ఎడమ రెక్క తోస్తాడు.

వాళ్ళమ్మ నూకమ్మకి కళ్ళల్లో పొర కమ్మింది. బంగారయ్యకి కూతురు పుట్టి మూడు నెలలైనా, ఆ పిల్ల ముఖం చేత్తో తడిమి తెలుసుకోవడమే. శుక్రవారం బొబ్బిలికి కంటి డాక్టరొస్తాడట, పదకొండు దాటితే వెళ్ళిపోతాడట, మళ్ళీ ఏడాదికి గానీ రాడట. పైడయ్యకి దిగులు పట్టుకుంది. పెద్దకొడుకు కదా. అమ్మ కోసం కారు కొనాల్సిందే అన్నాడు.

పాత కార్ల దుకాణానికెళ్ళారు. దుకాణాయన ముందు మాన్యువల్ బండి చూపించి, కింద క్లచ్చి, బ్రేకు, యాక్సిలరేటరు అని మూడుంటాయన్నాడు. పైడయ్య ముఖం వెలిగిపోయింది. తొక్కేవి మూడు, అన్నదమ్ములు ముగ్గురు. అంతే, ఒకే సీట్లో ఇరుక్కుని తలా ఒక కాలు పెట్టారు. దుకాణాయన పక్కనుంచి గేరు వేశాడు. ఎవరి వంతు వాళ్ళు ఒళ్ళు దాచుకోకుండా తొక్కారు. బండి గుర్రుమంది గానీ కదల్లేదు. సన్యాసికి కాలు తిమ్మిరెక్కి బ్రేకు వదిలేశాడు. అన్నకి తోడుగా బంగారయ్య క్లచ్చి వదిలేశాడు. ఇంకేముంది, బండి ఒక్క గెంతు గెంతి టీకొట్టు బెంచీ మీద పడింది.

దుకాణాయన చెమట తుడుచుకుని, "మీకు ఆటోమేటిక్కే మంచిది బాబూ. గేర్లన్నీ అదే చూసుకుంటుంది. మీరు హాయిగా కూర్చుంటే చాలు" అన్నాడు. సరేనని అదే కొన్నారు.

శుక్రవారం తెల్లవారగానే దుకాణం మనిషి కారు తెచ్చి, న్యూట్రల్‌లో వదిలేసి వెళ్ళాడు. అమ్మని ముందు కూర్చోబెట్టి ముగ్గురూ వెనక హాయిగా కూర్చున్నారు. ఏడైంది. ఎనిమిదైంది. బండికి దారి తెలీదేమోనని పైడయ్యకి తోచింది. సన్యాసి దిగి ముందు నడిచి దారి చూపించాడు. ఊరి చివరికెళ్ళి వెనక్కి తిరిగితే బండి లేదు.

"ఒరే పైడీ, కనబడక అడుగుతున్నాను. మనం వెళ్తున్నామా?" అంది నూకమ్మ.

పైడయ్యకి ఏడుపొక్కటే తక్కువ. కొత్త బండి కదా, సిగ్గుపడుతోంది, కాస్త వెనకనుంచి సాయం పడదామన్నాడు. అంతే, ఒకడు కిటికీలోంచి స్టీరింగు చక్రం పట్టుకున్నాడు, ఇద్దరు తోశారు. వంతులేసుకుని రెండు గంటలు తోశారు. ఒక్కసారైనా గేరు మార్చమని అడగలేదు, ఎంత బుద్ధిమంతురాలోనని దారిపొడుగునా బండిని మెచ్చుకున్నారు. డాక్టరు సంచీ సర్దుకుంటుండగా చేరారు.

ముందు ఒక కంటికి ఆపరేషన్ బాగా జరిగింది. కట్టు కట్టి, డాక్టరు పైడయ్యని పక్కకి పిలిచాడు. "ఇంటికెళ్ళే దారిలో ఆవిడకి ఒక్క కుదుపు తగలకూడదు. తగిలితే ఆ కన్ను దక్కదు."

దారంతా గోతులే. పైడయ్య నుదురు పట్టుకుని ఆలోచించాడు. ఆలోచించి, అమ్మని ఆసుపత్రి అరుగు మీద మెత్తగా కూర్చోబెట్టాడు. మజ్జిగ గ్లాసు చేతిలో పెట్టాడు. ముగ్గురూ ఖాళీ కారు తోసుకుంటూ బయల్దేరారు.

సందేళకి ఇల్లు చేరారు. బంగారయ్య పెళ్ళాం పాపనెత్తుకుని ఎదురొచ్చి కారంతా వెతికింది. "అత్తేది బావా?" అంది.

పైడయ్య ఒగరుస్తూనే ఛాతీ విరుచుకున్నాడు. "దారిలో నలభై గోతులమ్మా. నేనే దగ్గరుండి చూశాను. అమ్మకి ఒక్క కుదుపు తగిలితే ఒట్టు."