మంద మేసిన గడ్డి

ఊరూరా తిరిగి గొర్రెలు మేపుకునే కురుమలంటే రుక్మారావు దొరకు మహా చులకన. అయినా ఆ ఎండాకాలం తనే కబురు పెట్టి, వాళ్ల మందను ఒక రాత్రి తన చేలో పడుకోబెట్టించుకున్నాడు. గొర్రెల పెంట పడిన నేలలో పంట విరగకాస్తుందని ఆయనకు బాగా తెలుసు.

తెల్లారి మంద కదలబోతుంటే దారికడ్డంగా నిలబడ్డాడు.

"నిన్నంతా నా బీడులో మేసినయి. ఆ గడ్డి నాది. దానికి బదులు ఆ పెద్ద పొట్టేలును ఇడిసి కదలండి."

మందకు ముందు నడిచేది ఆ పొట్టేలే. అది దిగితే తప్ప మిగతావి వాగులో కాలు పెట్టవు. మగవాళ్లు తలలు దించుకున్నారు. వాళ్లందరికీ పెద్దామె అయిన బీరవ్వ మాత్రం గొంగడి భుజాన వేసుకుని ముందుకొచ్చింది.

"గడ్డి నీదే దొరా. అందుకే రాత్రే నీ చేండ్ల తిరిగిచ్చినం. చూసుకో."

దొర చూశాడు. నేలంతా నల్లటి పెంటికలు. ఆయన మొహం కందగడ్డయింది.

"పెంట నా గడ్డెట్లయితదే?"

"కాదా? అయితే అది మా గొర్రెలది. మాది మేం ఇడిసిపోం." బీరవ్వ వెనక్కి తిరిగి తన వాళ్లను కేకేసింది. "చీపుర్లు తీయుండ్రి! ఒక్క పెంటిక మిగలొద్దు!"

ఆడామగా చేలోకి దిగి ఊడ్వడం మొదలుపెట్టారు. సగం సాలు ఊడ్చేసరికి దొర చేతులడ్డం పెట్టుకుంటూ ఉరికొచ్చాడు.

"ఆగుండ్రి! అది నా గడ్డే!"

"అట్లయితే నీది నీకు ముట్టింది. ఇగ తొవ్వల నుంచి జరుగు దొరా, మా పొట్టేలు వస్తున్నది."