నాలుగోసారి వచ్చిన తలనొప్పి

రువాన్ మళ్ళీ వచ్చింది. నెలలో ఇది నాలుగోసారి. ఆవిణ్ణి వైద్యశాల గుమ్మంలో చూడగానే జిన్‌హైకి అరికాలి మంట నెత్తికెక్కింది.

పట్టుబట్టల మీద బొమ్మలు కుట్టే మనిషి ఆవిడ. వెంట్రుకలో సగం ఉండే దారంతో కొంగల ఈకలు కుట్టాలి. పొద్దు వాలేసరికి కనుబొమల మధ్య మొదలై, కణతల మీదుగా మెడదాకా ఒకటే పోటు. కళ్ళకి వేరు కాలేయంలో ఉందని చీనా వైద్యుల మాట. చూపు అలిసిందంటే అక్కడ సత్తువ తగ్గిందని లెక్క. షెన్ గురువు దగ్గర ఆరేళ్ళు చదివిన జిన్‌హైకి అదంతా కంఠతా వచ్చు. చేమంతిపూల కషాయం తాగించాడు. కణతల దగ్గర సూదులు పెట్టాడు. బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ నొక్కాడు. పోయినట్టే పోయి, వారం తిరక్కుండా వచ్చేది నొప్పి.

"నేను చెప్పిందేమిటి?" అన్నాడు, ఆవిడ చెయ్యి అందుకుని నొక్కుతూ.

"ఘడియకోసారి తలెత్తి దూరాన ఉన్న పచ్చటి చెట్లని చూడమన్నారు."

"చూశావా?"

రువాన్ తల దించుకుంది.

"చూడవు. నా మందుకి చెడ్డపేరు తేవడానికే పుట్టావు." వేళ్ళు బిగుసుకున్నాయి. ఆవిడ పళ్ళ బిగువున ఓర్చుకుంది.

"నిన్న తెల్లదారం అనుకుని లేతపసుపు కుట్టానండీ," అంది మెల్లిగా. "ఇంకొక్క తప్పు పడితే పనిలోంచి తీసేస్తారు."

"తియ్యనీ. కళ్ళకి విశ్రాంతి."

మూలన షెన్ గురువు ఎండిన మందువేర్లు దంచుతున్నాడు. రోకలి ఆగింది.

"ఆ చెయ్యి వదులు," అన్నాడు.

జిన్‌హై వదిలాడు గానీ నోరు ఊరుకోలేదు. "చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది గురువుగారూ. మాట వినని మనిషికి ఇక నేను వైద్యం చెయ్యను."

గురువు మందుల సంచి భుజాన వేసుకున్నాడు. "నీ సంచీ తీసుకో. అమ్మా, నువ్వు కూర్చునే చోటికి తీసుకెళ్ళు."

కుట్టుశాలలో ముప్ఫైమంది ఆడవాళ్ళు చట్రాల మీద వంగి ఉన్నారు. మిట్టమధ్యాహ్నం వేళ లోపల మసక. రువాన్ తన పీట చూపించింది.

"కూర్చో," అన్నాడు గురువు శిష్యుడితో. "నువ్విచ్చిన మందు నువ్వే వేసుకో."

జిన్‌హై కూర్చుని తలెత్తాడు. మూరెడు దూరంలో కిటికీ. దాని నిండా నూనెకాగితం అంటించి ఉంది. ఎడమపక్క గోడ. కుడిపక్క ఇంకొకావిడ వీపు.

"చెట్టు కనిపించిందా?"

జిన్‌హైకి చెవులు కాలిపోయాయి. రువాన్ వైపు తిరిగాడు. "ముందే చెప్పకూడదూ?"

"మీరు అడగలేదు కదండీ."

ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. రగిలిన కోపమంతా, అప్పుడే వచ్చి నిలబడ్డ మేస్త్రీ పాన్ మీదికి మళ్ళింది. "ఈ కాగితం ఎందుకు అంటించావు?"

"ఎండ తగిలితే పట్టు వెలిసిపోదుటండీ?"

"ఇది ఉత్తరపు గోడ," అన్నాడు గురువు. "ఎండ ఇటు రాదు."

పాన్ నవ్వాడు. "పెద్దవారు, మీ దగ్గర దాచేదేముంది. తెరిచి ఉంచితే వీళ్ళంతా కొండల్ని చూస్తూ కూర్చుంటారు. ఆ కొండలొచ్చి కుట్టిపెడతాయా?"

జిన్‌హై విసురుగా లేచాడు. పిడికిలి ఎత్తేలోపు గురువు అతని మణికట్టు పట్టుకున్నాడు. శిష్యుడు ఆయన మొహం చూశాడు. ఆరేళ్ళలో ఆ మొహాన కోపం చూడ్డం అదే మొదలు. దవడ రాయిలా ఉంది.

గురువు సంచిలోంచి కురుపులు కోసే చిన్నకత్తి తీశాడు. కిటికీ చట్రం వెంట నాలుగు వైపులా తాపీగా గీశాడు, పుండు చుట్టూ గీసినట్టే. కాగితం జారిపడింది.

అవతల వానకి తడిసిన మల్బరీ తోటలు కొండవాలు పొడుగునా ఉన్నాయి. ముప్ఫై తలలూ ఒక్కసారే లేచాయి. రువాన్ కళ్ళు చికిలించి, మెల్లిగా విప్పింది.

"ఏమిటీ దౌర్జన్యం?" అన్నాడు పాన్. "యజమానికి నేనేం చెప్పుకోవాలి?"

"మందు వేసి వెళ్ళారని చెప్పు," అన్నాడు గురువు కత్తి తుడుస్తూ. "ఘడియకోసారి. అందరికీ."

ఉత్తరపు గోడకి ఇంకా మూడు కిటికీలున్నాయి. జిన్‌హై తన సంచి విప్పి, తన కత్తి తీసుకుని, రెండో కిటికీ దగ్గరికి నడిచాడు.