నల్లవాగులో గుడ్డు పెంకులు

ఎర్రవాగు ఒక గుట్టన పుట్టింది, నల్లవాగు ఇంకో గుట్టన పుట్టింది. దారి పొడవునా ఒకదాని మొహం ఒకటి చూడవు. దిగువన పెద్దేట్లో కలిశాకే వాటికి చుట్టరికం.

ఎర్రవాగు ఒడ్డున తుంగలో అడవిబాతు గుడ్లు పెట్టింది. పెట్టినవి పెట్టినట్టే ఉంటే కథే లేదు. మేతకెళ్లి వచ్చినప్పుడల్లా ఒకటి తగ్గుతోంది. మిగిలిన వాటిలో పిల్లలు అప్పుడే పెంకును లోపల్నుంచి పొడుస్తున్నాయి. ఈ ఒక్కరోజు గట్టెక్కితే చాలు. బాతుకు ఎవర్ని చూసినా దొంగలాగే కనిపిస్తున్నారు. పలకరించిన పాపానికి కొంగను కూడా ఎగాదిగా చూసింది.

అంతలో నక్క వచ్చింది.

"గుడ్లు పోతున్నాయటగా చెల్లెమ్మా. అది ఏట్లో ఉండే ముసలి తాబేలు పని."

బాతు గుండె భగ్గుమంది. తాబేలు తాత మొన్న గూటి దగ్గరే తచ్చాడాడు. "నువ్వు చూశావా అన్నా?"

"తింటుంటే చూడలేదు, అబద్ధమెందుకు. నిన్నంతా నల్లవాగు ఎగువన బండ మీద కూర్చుని పీతలు తింటున్నాను. నీ గుడ్డు పెంకులు నా ముందు నుంచే కొట్టుకుపోయాయి. ఇక్కడ తిని నీళ్లలో పారేస్తే అక్కడికి వచ్చాయన్నమాట. పెంకుల మీద తాబేటి గోళ్ల గుర్తులు కూడా ఉన్నాయి. నువ్వెళ్లి నిలదీయి, గుడ్లకు నేను కాపలా ఉంటాను."

బాతు కోపంగా ఏటివైపు నాలుగు బారలు ఈది, ఆగింది. గుడ్లు పోయిన సంగతి తను ఎవరితోనూ అనలేదే. పైగా ఈ ఎర్రనీళ్లు ఏట్లో పడితే సముద్రం దాకా పోతాయి గానీ, వెనక్కి తిరిగి నల్లవాగు ఎక్కవు. బాతుపిల్లకైనా తెలిసిన ముచ్చటే. నీళ్లంటే తాగడానికే అనుకునే నక్కకు తెలియలేదు. తాతను అనుమానించినందుకు బాతుకు సిగ్గేసింది. కానీ నక్కతో కలబడి గెలిచే బలం తనకు లేదు.

వెనక్కొచ్చి మెత్తగా అంది. "అన్నా, గుడ్లు ఇక్కడుంచాలంటే భయంగా ఉంది. పెంకులు నీ బండ దాకా వచ్చినప్పుడు గుడ్లూ వస్తాయిగా. తుంగ తెప్ప మీద పెట్టి వదులుతాను. అక్కడ నువ్వు అందుకుంటావా?"

నక్కకు నోరూరింది. ఇక్కడైతే కొంగ చూస్తుంది, అక్కడ అడిగేవాడు లేడు. "ఒక్కటి కూడా వదలను చెల్లెమ్మా."

"బరువైనవి కదా, మెల్లగా వస్తాయి. ఓపిక పట్టు."

నక్క తోక ఎత్తుకుని నల్లవాగుకు పరిగెత్తింది. బాతు గుడ్ల మీద నుంచి లేవలేదు. పొద్దు వాలేసరికి పిల్లలన్నీ బయటికొచ్చాయి.

మర్నాడు వాటిని వెంటేసుకుని ఏట్లోకి దిగి, తాబేలు ముందు తల వంచింది. "తాతా, నక్క మాట విని నిన్ను అనుమానించాను. తప్పయింది."

"సర్లేవే. ఆ నక్కేదీ?"

"నల్లవాగు బండ మీద. నా గుడ్లు కొట్టుకొస్తాయని కూర్చున్నాడు."

తాబేలు పిల్లల్ని చూసి, నల్లవాగు వైపు చూసింది. "కూర్చోనీ. వాగు గుట్టెక్కిన రోజున వస్తాయి."

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు, ఏటి ఒడ్డున ఆడేవాడికి నీటి పోకడైనా తెలిసుండాలి.