మట్టికాళ్ల తోట మహిమ

వీరరాజపురం నడిబొడ్డున, గడియారస్తంభానికి ఎదురుగా ఉన్న పార్కును ఊరివారు మట్టికాళ్ల తోట అంటారు. తూర్పు గేటు పక్కన చిన్న మండపంలో నల్లరాతిమీద రెండు పాదాలు వెలసి ఉన్నాయి. ముందు తడి మట్టిమడి ఉంటుంది. భక్తులు చెప్పులు విడిచి, ఆ మడి తొక్కి, పాదాలకు పసుపు పెట్టి లోపలికి వెళతారు.

పూర్వం ఇక్కడ గడ్డిపోచ మొలవని చవిటినేల ఉండేది. జమీందారుగారి దివాను ఇక్కడ ఉద్యానవనం వేయించదలచి, గరిక నాటే పనిని సన్యాసమ్మ అనే తోటకూలికి అప్పగించారు. మూడు ఎండాకాలాలు ఆమె కావిడితో నీళ్లు మోసింది. కుదురు నాటడం, మడమతో నొక్కడం, మరో అడుగు వేయడం. ఆ నొక్కుడులోనే కిటుకంతా ఉంది. నేల పచ్చబడింది. ఒక్కసారి ఆ గడ్డిమీద కాళ్లు బారజాపుకుని కూర్చోవాలని ఆమె కోరిక. ఏమంత పెద్ద కోరిక అది?

తోట తెరిచిన రోజు గేటుకు పలక కట్టారు: ‘మట్టికాళ్లతో లోనికి రారాదు.’ పట్టుబట్టలవారు లోపలికి వెళ్లారు. ఆ గడ్డిని బతికించిన మనిషిని బంట్రోతు గేటు దగ్గరే ఆపేశాడు. సిగ్గుండాలి కదా ఎవరికైనా! సన్యాసమ్మ తిట్టలేదు, శపించలేదు. కావిడి దించి గేటు ముందే చతికిలబడింది.

మూడోనాటికి గడ్డి వాడింది. కొత్త మాలీలు చేత్తో గుచ్చిన గరిక గుచ్చినట్టే ఎండిపోయింది. మధ్యాహ్నం కునుకులో దివానుగారికి భూదేవి కనిపించి, "నన్ను పచ్చన చేసిన పాదం వాకిట్లో ఉంది. అది లోపలికి వచ్చేదాకా నేనూ బయటే ఉంటాను" అన్నదట.

దివానుగారు పరుగున వచ్చారు. వచ్చి చేసిన నిర్వాకం ఏమిటంటే, బిందెడు నీళ్లు తెప్పించి, "కాళ్లు కడుక్కుని లోపలికి రా, సన్యాసమ్మా" అనడం. సాక్షాత్తూ దేవత చెప్పినా బుర్రకెక్కలేదన్నమాట.

"కడుక్కోడానికి నాకేటి బాధ బాబూ?" అంది సన్యాసమ్మ. "ఆ గడ్డంతా ఈ మట్టికాళ్లతో నొక్కిందే. దాన్నీ కడిగేత్తారేటి?"

దివానుగారు బిందె నీళ్లు నేలమీదే ఒంపించి, చెప్పులు విడిచి, ఆ బురద తొక్కి ఆమె వెనకాల నడిచారు. ఆమె అడుగు వేసినచోటల్లా గరిక తలెత్తిందని పెద్దలు చెబుతారు. గేటు దగ్గర ఆమె కూర్చున్నచోటే ఈ పాదాలు వెలిశాయి.

నేటికీ ఏరువాక పున్నమినాడు తొలి ప్రవేశం తోటపనివారిదే. ఎంతటి అధికారి అయినా అంతవరకు బయట నిలబడవలసిందే. మడిలో ఒక గరిక కుదురు మడమతో నొక్కినవారికి పట్టిన పని వేళ్లూనుతుందని నమ్మకం.

ఈమధ్య పార్కువారు మండపం పక్కనే ‘గడ్డిపై నడవరాదు’ అని బోర్డు పాతారు. ఎవరి గుడి పక్కన పాతుతున్నామని ఒక్కరినీ అడిగిన పాపాన పోలేదు. తీయమని మొరపెట్టుకున్నా తీయలేదు. అందుకని పున్నమినాడు తోటపని ఆడవాళ్లు ముందుగా మడిలోని మట్టి తీసి, అక్షరం కనపడకుండా ఆ బోర్డుకు మెత్తుతారు. తరువాత లోపలికి వెళ్లి, గడ్డిమీద కాళ్లు బారజాపుకుని కూర్చుంటారు.