ఊసరవెల్లి ముఖం సరిపోలలేదు

గుట్ట కింది అడవిలో కాపలా కచేరీ ఒకటి ఉండేది. దానికి అధికారి భల్లప్ప అనే ఎలుగుబంటి. ఆయన కింద గుమాస్తా గుంటప్ప అనే నక్క. కచేరీకి చాలా దూరంగా, వాగు అవతలి రేగు పొదల దగ్గర కావలి కాసే ఉద్యోగి వన్నెలయ్య అనే ఊసరవెల్లి.

వన్నెలయ్య కొమ్మ రంగులో కలిసిపోయి కూర్చునేవాడు. వేటగాళ్లు ఉచ్చులతో వచ్చినా, కుందేలు పిల్లల కోసం ఏ నక్కో వచ్చినా, ఎండుకాయల కొమ్మను గలగలా ఊపేవాడు. ఆ చప్పుడు వింటే కుందేళ్లు పిల్లలతో సహా పొదల అడుగుకు దూరిపోయేవి. ఆ పనికి అతని జీతం, వేసవిలో మడుగు నీళ్లలో ఒక వంతు.

ఆ వేసవి గుంటప్ప కచేరీకి ఒక యంత్రం తెప్పించి, వరండా, లోపలి సీట్లు రెండూ దానికి కనబడేలా గుమ్మంలో పెట్టించాడు.

"ఇది ముఖం చూసి హాజరు వేస్తుందండీ. ఎవరొచ్చారు, ఎవరు రాలేదు అని తమరు తల పట్టుకోనక్కర్లేదు. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం ముఖం చూపిస్తేనే నీటి వంతు," అన్నాడు.

భల్లప్పకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆ సంగతి గుమాస్తా ముందు ఒప్పుకోవడం ఇష్టంలేక, "మంచిదే," అన్నాడు.

యంత్రంలోకి అందరి ముఖాలూ ఎక్కించిన రోజు వన్నెలయ్య వరండాలో బీరపాదు మీద ఆకుపచ్చగా కూర్చుని ఉన్నాడు. మర్నాడు రేగు కొమ్మ దిగి నేరుగా వచ్చాడు గనక మట్టిరంగులో ఉన్నాడు. యంత్రం ఎర్రదీపం వెలిగించి, 'ముఖం సరిపోలలేదు' అంది.

"అయ్యా, నేనేనండీ," అన్నాడు వన్నెలయ్య.

"నువ్వేనని నాకు తెలుస్తూనే ఉందయ్యా. కానీ నువ్వు రాలేదంటోందే."

"వచ్చాను కదండీ. తమరితోనే మాట్లాడుతున్నాను."

భల్లప్ప యంత్రాన్ని చూశాడు, వన్నెలయ్యను చూశాడు, మళ్లీ యంత్రాన్ని చూశాడు. "మాట్లాడుతున్నావు, నిజమే. కానీ హాజరు వేసేది నేను కాదు గదా. రాని ఉద్యోగికి నీళ్లెలా ఇవ్వను?"

ఆ రోజు వన్నెలయ్య దాహంతోనే వెనక్కి పోయాడు. మర్నాడు పట్టుబట్టి పచ్చగా వచ్చాడుగానీ, యంత్రం ముందు నిలబడేసరికి కంగారుకి పసుపెక్కిపోయాడు. మళ్లీ ఎర్రదీపం. తిరిగి పోతూ మడుగులోకి తొంగి చూసుకున్నాడు. ఇన్నాళ్లూ తనది అనుకున్న ముఖం ఏదో అతనికే తెలియలేదు.

రేగు పొదల్లో ఉండే చెవులమ్మ అనే కుందేలుకు చెప్పుకుని బాధపడితే, "నీ ముఖం ఎలా ఉంటే మాకేం అన్నయ్యా, వేళకు కొమ్మ ఊపితే చాలు," అంది.

గుంటప్ప మరోలా చెప్పాడు. "అన్నా, ఎందుకొచ్చిన తంటా? పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఈ బీరపాదు మీదే పచ్చగా కూర్చో. హాజరు దానంతటదే పడుతుంది."

"మరి పొదల కావలో?"

"పొదల దగ్గర నువ్వు లేకపోతే యంత్రానికి తెలీదు. ఇక్కడ లేకపోతే తెలుస్తుంది."

వన్నెలయ్య వెళ్లి అధికారినే అడిగాడు. భల్లప్ప యంత్రం వైపు ఓసారి చూసి, "హాజరు బాగుంటే పని బాగున్నట్టే కదా?" అన్నాడు. అది జవాబో, తననే అడుగుతున్నాడో వన్నెలయ్యకు తేలలేదు. నాలుక పిడచగట్టి ఉంది. పోయి పాదు మీద కూర్చున్నాడు.

గుంటప్పకు కావలసిందీ అదే. తన ఫొటో ఒకటి పుల్లకు గుచ్చి, లోపల తన సీట్లో యంత్రానికి కనిపించేలా నిలబెట్టి, వెనక దారిన రేగు పొదలకు పోయాడు. మధ్యాహ్నానికి చెవులమ్మ ఏడుస్తూ కచేరీకి వచ్చింది.

"నా చిన్న పిల్లను నక్క ఎత్తుకుపోయిందయ్యా. మీ గుంటప్పే. నా కళ్లతో చూశాను."

భల్లప్ప యంత్రం చూశాడు. "గుంటప్ప లోపల హాజరులో ఉన్నాడమ్మా. అది వేరే నక్క అయ్యుంటుంది."

చెవులమ్మ పాదు వైపు తిరిగింది. "నువ్వెక్కడున్నావన్నయ్యా?"

"ఇక్కడే ఉన్నానమ్మా," అని తల దించుకున్నాడు వన్నెలయ్య. ఆ రోజు అతనికి నీటి వంతు వచ్చింది, కానీ తాగకుండా వదిలేశాడు.

కావలి లేదని వేటగాళ్లు కూడా పసిగట్టారు. మర్నాడు చెవులమ్మ మళ్లీ పరుగున వచ్చింది. "ఆ నక్క వేటగాళ్ల ఉచ్చులో పడింది. ఇప్పుడైనా వచ్చి చూడండి, అది ఎవరో."

"గుంటప్ప సీట్లో ఉన్నాడని చెప్తోంది గదమ్మా ఇది," అన్నాడు భల్లప్ప, ఈసారి కాస్త నెమ్మదిగా.

వన్నెలయ్య పాదు దిగి లోపలికి పాకి చూశాడు. "అయ్యా, ఇక్కడున్నది ఫొటో."

భల్లప్ప లోపలికి వచ్చి పుల్ల పీకి చేత్తో పట్టుకున్నాడు. "ఇది గుంటప్ప అయితే ఉచ్చులో ఉన్నది ఎవరు? అది గుంటప్ప అయితే నేను హాజరు వేయించింది ఎవరికి?"

"నన్ను వీపు మీద ఎక్కించుకోండి. పోతూ ఆలోచిద్దాం," అన్నాడు వన్నెలయ్య.

వాళ్లు వాగు దాటేసరికే వేటగాళ్లు గుంటప్ప కాళ్లు కట్టి, కర్రకు వేలాడదీసి మోసుకుపోతున్నారు. చేతుల్లో బరిసెలున్నాయి. భల్లప్ప బండ చాటున నక్కాడు. గుంటప్ప తలకిందులుగానే, బండ మీదికి పాకిన వన్నెలయ్యను చూశాడు.

"అన్నా, వీళ్లు ఉచ్చులు పన్నుతుంటే కొమ్మెందుకు ఊపలేదు?"

"పాదు మీదే కూర్చోమన్నావు. కూర్చున్నాను."

వేటగాళ్లు మలుపు తిరిగిపోయారు. భల్లప్ప బండ చాటునుంచి వచ్చి పొదల చుట్టూ తిరిగి చూశాడు. ఆయన అక్కడికి రావడం అదే మొదటిసారి.

"ఇంత దూరమా? ఇక్కడినుంచి రోజుకు మూడుసార్లు వచ్చి ముఖం ఎలా చూపిస్తావయ్యా?" అని వెనక్కి తిరిగాడు. వీపు మీద వన్నెలయ్య లేడు. "ఎక్కడున్నావు?"

"ఇక్కడేనండీ, కొమ్మ మీద."

భల్లప్ప ఎంత వెతికినా కనబడలేదు. ఆయనకు ఆ సంగతీ అంతగా అర్థం కాలేదు గానీ, "సరే, అక్కడే ఉండు, నీళ్లు ఇక్కడికే పంపిస్తాను," అని వాగు వైపు నడిచాడు.

నీతి: పని జరిగే చోటు చూడని అధికారికి, యంత్రం ఏం చెప్పినా నిజంలాగే వినిపిస్తుంది.